నేల మీద పైలట్... నింగిలో బిల్లు!

ప్రాణం మీదికొచ్చినప్పుడు విమానంలోనైనా తీసుకెళ్లి బతికించుకుందాం అనుకోనివారుండరు. ఆ విమానం ఉంది. అందులో వెంటిలేటరుంది, డాక్టరుంటారు. పిలిస్తే కడప దాకా వస్తుంది కూడా. మరి దాని ఖర్చెవరు పెట్టాలి?

వేంపల్లెలో విమానాశ్రయం లేదు. రన్‌వే లేదు. కానీ పైలట్లున్నారు!

108 అంబులెన్సు నడిపే మనిషిని ఆ ఉద్యోగంలో ఎవరూ డ్రైవర్ అనరు. 'పైలట్' అంటారు. వెనక రోగి పక్కన కూర్చుని ఆక్సిజన్ పెట్టేవాళ్లు, కట్టు కట్టేవాళ్లు, అవసరమైతే దారిలోనే పురుడు పోసేవాళ్లు 'ఈఎంటీ'లు... అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లు. పాపాఘ్ని ఒడ్డున, గండి ఆంజనేయస్వామి కొండకు కూతవేటు దూరంలో ఉన్న ఈ ఊళ్లో అర్ధరాత్రి ఛాతీలో నొప్పి అన్నా, చీనీ తోటలో పాము కరిచిందన్నా, కడప రోడ్డులో బైకు లారీకి గుద్దుకుందన్నా ముందు ఫోను వెళ్లేది ఆ పైలట్‌కే. ఆయన బండి ఎక్కితే టికెట్ లేదు, బిల్లు లేదు.

ఇక ఆ రెండో రకం పైలట్ సంగతి. ఆయన నడిపేది నిజం విమానం. లోపల ఐసీయూ. పెద్ద పట్టణాల ఆసుపత్రుల నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో రోగుల్ని చేరవేస్తుంటుంది. దాన్ని పిలవాలంటే మాత్రం వేంపల్లె రైతు తోట అమ్ముకోవాలి.

ఒకటి పూర్తిగా ఉచితం. రెండోది ఆకాశమంత ఖరీదు. రెండూ చేసే పని ఒక్కటే అయినప్పుడు ఈ తేడా ఎందుకొచ్చింది? మొదటిదాని ఖర్చు ఫోను మోగకముందే ఎవరో కట్టేసి ఉంచారు. రెండోదానికి రోగిని స్ట్రెచర్ ఎక్కించే ముందు కట్టమంటున్నారు. తేడా అంతా అక్కడే ఉంది!

మంచమే స్ట్రెచర్

ఈ ప్రాంతానికి ఆసుపత్రి కొత్త కాదు. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ డాక్టర్ క్యాంబెల్ పేరు మీద నిలిచిన ఆసుపత్రి పందొమ్మిదో శతాబ్దం చివరినాటిది. ఎంబీబీఎస్ చదివొచ్చిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి కొన్నాళ్లు వైద్యుడిగా పనిచేసింది కూడా అక్కడే. తర్వాత 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట ఆసుపత్రి పెట్టారు. అంటే వైద్యం చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరకు చేరడమే కష్టం! మంచానికి తాళ్లు కట్టి నలుగురు మోసుకొచ్చేవారు. లేదంటే ఎడ్లబండి. ఆ తర్వాతి రోజుల్లో ఆర్టీసీ బస్సు, అదీ తప్పితే అద్దె జీపు. జీపు యజమాని రానంటే తెల్లారేదాకా ఎదురుచూపే.

ఈనాటి లెక్క చూద్దాం. వేంపల్లె నుంచి కడప పెద్దాసుపత్రి యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పులివెందుల అంతకన్నా దగ్గర. ప్రొద్దుటూరు ఓ గంట దారి. ఎముక విరిగినా, కాన్పు కష్టమైనా ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట పని జరుగుతుంది. కానీ తలకు పెద్ద గాయమైందనుకోండి... ఒళ్లు బాగా కాలిందనుకోండి... పసిబిడ్డ గుండెకు ఆపరేషన్ చేయాలన్నారనుకోండి... అప్పుడు 'పైకి తీసుకెళ్లండి' అంటారు డాక్టర్లు. పైకి అంటే తిరుపతి, కర్నూలు, బెంగళూరు, హైదరాబాద్, లేదా సీమ జనం తరతరాలుగా నమ్ముకున్న రాయవేలూరు. రెండొందలు, నాలుగొందల కిలోమీటర్ల ప్రయాణం. ఎయిర్ అంబులెన్సు గుర్తొచ్చేది అక్కడే.

ఎగిరే ఐసీయూ

ఎయిర్ అంబులెన్సు అనగానే చాలామందికి సినిమాల్లోలా రోడ్డు మధ్యలో దిగే హెలికాప్టర్ కళ్లముందు మెదులుతుంది. నిజానికి ఇందులో రెండు రకాలున్నాయి. ప్రమాదం జరిగిన చోటికే వచ్చి ఎత్తుకెళ్లే హెలికాప్టర్ ఒకటి. ఒక ఆసుపత్రి నుంచి దూరంగా ఉన్న మరో ఆసుపత్రికి రోగిని మార్చే చిన్న విమానం రెండోది. మన దేశంలో అద్దెకు దొరికేది ఎక్కువగా రెండోదే. సీట్లు తీసేసి స్ట్రెచర్ బిగించి, వెంటిలేటర్, మానిటర్, సిరంజి పంపులు, ఆక్సిజన్ అమర్చిన రెండింజన్ల కింగ్ ఎయిర్ లాంటి విమానమన్నమాట.

అది వేంపల్లెకు రాదు. 2015 జూన్‌లో ప్రారంభమైన కడప కొత్త విమానాశ్రయానికి వస్తుంది. పులివెందుల, కదిరి వైపువారికైతే పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు వారి రన్‌వే ఉంది. ఇప్పుడు క్రమం చూడండి. వైద్యం చేస్తున్న డాక్టర్ రోగి పరిస్థితిని రాసివ్వాలి. ఎగరడానికి తట్టుకుంటాడో లేదో విమానంలో రాబోయే డాక్టర్ తేల్చుకోవాలి. అవతలి ఆసుపత్రిలో పడక ఖాయం కావాలి. విమానం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉంటుంది. దానికి అనుమతులు రావాలి, అది ఖాళీగా ఇక్కడిదాకా ఎగిరి రావాలి. ఈలోగా రోగిని ఐసీయూ నుంచి మామూలు అంబులెన్సులో విమానాశ్రయానికి చేర్చాలి. అక్కడ దిగాక మళ్లీ ఇంకో అంబులెన్సు. కడప నుంచి హైదరాబాద్‌కు గాల్లో పట్టేది గంటలోపే. కానీ ఈ పడక మీంచి లేచి ఆ పడక మీద పడుకునేసరికి అయిదారు గంటలు అయిపోయినా ఆశ్చర్యం లేదు. రోడ్డు మీద అయితే ఏడెనిమిది గంటలు.

అందుకే గుండెపోటు వచ్చిన తొలి గంటలో విమానం కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవడం అంత పొరపాటు మరొకటి లేదు. విమానం పని వేరు. దగ్గర్లోని ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టాక, అక్కడ లేని వైద్యం కోసం, కుదుపుల్లేకుండా దూరం తీసుకెళ్లడం దాని పని.

గాల్లోకి లేస్తే శరీరమూ ఒకేలా ఉండదు. విమానం లోపల గాలి ఒత్తిడి నేలమీద ఉన్నంత ఉండదు. మామూలు ప్రయాణికుల విమానాల్లో ఆరేడు వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది. ఆరోగ్యవంతుడికి అది తెలియనే తెలియదు. న్యుమోనియా రోగికి తెలుస్తుంది. పైగా ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకు ముందే గొట్టం వేసి దాన్ని తీసేయకపోతే పైకెళ్లాక ప్రాణాంతకమవుతుంది. తలలోపల గాలి చేరిన క్షతగాత్రుల విషయంలోనూ అంతే జాగ్రత్త. ఇవన్నీ తెలిసిన డాక్టర్, నర్సు తోడు రావాలి. లేకపోతే అది ఎయిర్ అంబులెన్సు కాదు... మంచం వేసిన విమానం!

తడిసి మోపెడు

బిల్లు సంగతికొద్దాం. దేశంలో ఒకచోటి నుంచి ఒకచోటికి ఎయిర్ అంబులెన్సు ప్రయాణమంటే దూరాన్ని బట్టి, విమానాన్ని బట్టి నాలుగైదు లక్షల రూపాయల నుంచి పది, పదిహేను లక్షల దాకా అవుతుంది. ఇంత ఎందుకు? గంటల లెక్కన ఎగిరే ఖర్చు. అది రోగి ఎక్కాక మొదలయ్యే మీటరు కాదు. ఢిల్లీలో లేచిన విమానం ఖాళీగా కడప వచ్చి, రోగిని హైదరాబాద్‌లో దించి, మళ్లీ ఖాళీగా ఢిల్లీ వెళ్తే ఆ మొత్తం గంటలూ రోగి ఖాతాలోనే. వాటికి తోడు విమానాశ్రయంలో దిగినందుకు, ఆపినందుకు రుసుములు, పైలట్లిద్దరు, డాక్టర్, పరికరాలు, మందులు, రెండువైపులా అంబులెన్సులు, పన్నులు. మొత్తం ముందే కట్టాలి. రోగి ఆఖరి నిమిషంలో ఎగరలేని స్థితికి వెళ్లినా విమానం బయల్దేరిన ఖర్చు వెనక్కి రావడం కష్టం.

ఆ డబ్బు పోగుచేసేది ఎప్పుడు? ఐసీయూ బయట, మెట్ల మీద కూర్చుని. బావమరిది ఇంత, పెద్దనాన్న ఇంత, అమెరికాలో ఉన్న పిల్లాడి స్నేహితులు ఇంత. ఆపద వచ్చిన క్షణంలో మనిషి బేరమాడలేడు, నాలుగు చోట్ల వాకబు చేయలేడు. ఈ సంగతి మధ్యవర్తులకూ తెలుసు. ఇంటర్నెట్‌లో 'ఎయిర్ అంబులెన్స్' అని కొడితే కనపడే పేర్లన్నిటికీ విమానాలుండవు. చాలావరకు ఇంకొకరి విమానాన్ని కుదిర్చిపెట్టి మధ్యలో కమీషన్ తీసుకునేవాళ్లు. కుదర్చడం తప్పేం కాదు. కానీ విమానం ఎవరిదో, దానికి డీజీసీఏ ఇచ్చిన నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉందో లేదో, వెంట వచ్చే డాక్టర్ ఏ స్పెషలిస్టో అడిగి తెలుసుకోవాలి. డబ్బు కట్టకముందే!

ముందే కట్టి ఉంచితే...

'ఇంత ఖరీదైన సేవ పేదవాడికి ఉచితంగా అందుతుందా' అని నవ్వేవారికి 108 కథ చెప్పాలి. ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట దాని గురించీ ఇలాగే నవ్వారు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. అమెరికాలో 911కు ఫోను చేస్తే అంబులెన్సు వచ్చినట్టు ఇక్కడా రావాలన్నది ఆలోచన. ఈఎంఆర్‌ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి డబ్బు సమకూర్చింది అప్పటి సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం. ఫోను ఎత్తడానికి ఒకే కేంద్రం. ఎత్తినవాళ్లకు కంప్యూటర్లో దగ్గర్లోని బండి ఎక్కడుందో కనిపించడం. శిక్షణ పొందిన టెక్నీషియన్. ఆసుపత్రికి చేర్చేదాకా పైసా అడగకపోవడం. అప్పటికి ఇవన్నీ ఒక్కచోట చేరిన వ్యవస్థ మన దగ్గర లేదు.

ఒక్క కుటుంబం దాతృత్వంతో రాష్ట్రమంతా నడిచేది కాదది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముందుకొచ్చింది. బండ్లు కొనే డబ్బు, నడిపే డబ్బు క్రమంగా ఖజానా మీదికి వచ్చాయి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కూడా 2005లోనే మొదలవడంతో కేంద్రం నిధులూ తోడయ్యాయి. 2008 నాటికి నడిపే ఖర్చులో 95 శాతం ప్రభుత్వానిదే. అప్పటికి ఉమ్మడి రాష్ట్రంలో 652 అంబులెన్సులు తిరుగుతున్నాయి.

పరీక్ష ఆ మరుసటి ఏడాదే ఎదురైంది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బద్దలైంది. దాత జైలుకెళ్లాడు. అంబులెన్సులు ఆగిపోవాలి కదా? ఆగలేదు! డీజిల్‌కు, జీతాలకు డబ్బు అప్పటికే ప్రభుత్వం నుంచి వస్తోంది గనుక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఏడాదే జీవీకే గ్రూపు సంస్థ పగ్గాలు తీసుకుంది. దాత మారినా ఫోను నంబరు మారలేదు. ఈ నమూనానే తర్వాత ఎన్నో రాష్ట్రాలు తీసుకున్నాయి.

అంతా సాఫీగా సాగిందని కాదు. మధ్యలో బండ్లు పాతబడి దారిలో మొరాయించిన రోజులున్నాయి. జీతాల కోసం సిబ్బంది సమ్మెకు దిగిన సందర్భాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహక సంస్థలు ఒకటికి రెండుసార్లు మారాయి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి కొత్త బండ్లు బారులు తీరి బయల్దేరినప్పుడు అందులో 412 కొత్త 108 అంబులెన్సులున్నాయి. వాటిలో 104 వెంటిలేటర్ లాంటి సౌకర్యాలున్నవి, 26 కేవలం పసికందుల కోసం. పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలన్నది లక్ష్యంగా పెట్టుకున్నారు. ఏజెన్సీ అనగానే గుర్తొస్తుంది... రోడ్డే లేని గూడేల నుంచి గర్భిణుల్ని డోలీల్లో మోస్తున్న ఫొటోలు మన పేపర్లలో నేటికీ వస్తూనే ఉన్నాయి. అక్కడ బైకులకు పక్కన స్ట్రెచర్ బిగించి ఫీడర్ అంబులెన్సులు నడిపారు. హెలికాప్టర్ గురించి మాట్లాడుకునే ముందు ఆ బైకుకైనా దారి ఉందో లేదో చూడాలి మరి.

తలా ఓ చెయ్యి

గాల్లో ఎగిరే అంబులెన్సుకు ఇతర దేశాలు డబ్బు ఎలా తెచ్చుకుంటున్నాయి? ఒక్కోచోట ఒక్కో తమాషా.

స్విట్జర్లాండ్‌లో రేగా అనే సంస్థ ఉంది. మంచుకొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడటానికి 1952లో పుట్టింది. 1960లలో డబ్బుకు కటకటలాడింది. ప్రభుత్వం ఇవ్వలేదు. జనాన్నే అడిగింది... ఏడాదికి కొద్దిపాటి చందా కట్టండి, ఆపదలో మీ దగ్గర బిల్లు వసూలు చేయకుండా చూస్తాం అని. జనం కట్టారు. నేటికీ కడుతున్నారు. ఏడాదికి 40 ఫ్రాంకులు, అంటే ఓ కుటుంబం హోటల్లో భోంచేసినంత కూడా కాదు. తొంభై లక్షల జనాభా ఉన్న దేశంలో 35 లక్షల మందికి పైగా చందాదారులే! బీమా కంపెనీ కాదది, వడ్డీ వ్యాపారం కాదు. మన ఊళ్లో గుడి ఉత్సవానికి ఇంటింటికీ చందా వేసుకున్నట్టే.

ఇంగ్లండ్‌లో మరీ విచిత్రం. అక్కడ ప్రభుత్వ వైద్యం అందరికీ ఉచితం. అంబులెన్సూ ఉచితమే. కానీ హెలికాప్టర్ అంబులెన్సులు మాత్రం ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలవి. పాత బట్టల దుకాణాలు, వారానికో పౌండు లాటరీలు, మారథాన్ పరుగులు... ఇవే వాటి ఆదాయం. 1987లో కార్న్‌వాల్‌లో మొదలై దేశమంతా పాకాయి. యువరాజు విలియం 2015 నుంచి రెండేళ్లు తూర్పు ఆంగ్లియా ఎయిర్ అంబులెన్సుకు పైలట్‌గా పనిచేసి ఆ జీతాన్ని విరాళంగా ఇచ్చేశారు. చందాలతో నడిచే సేవకు ఓ లోపమూ ఉంది. డబ్బున్న జిల్లాలో చందాలెక్కువ. బీద జిల్లాలో ప్రమాదాలు తక్కువేం కాదుగా!

ఆస్ట్రేలియా కథ మనకు దగ్గరగా ఉంటుంది. అక్కడ వందల మైళ్లకో పశువుల క్షేత్రం, డాక్టరెక్కడో. జాన్ ఫ్లిన్ అనే చర్చి ఫాదర్ పట్టుదలతో 1928 మే 17న క్లాంకరీ అనే ఊరి నుంచి తొలి 'ఎగిరే డాక్టర్' బయల్దేరాడు. విమానం క్వాంటాస్ సంస్థ అద్దెకిచ్చింది. కరెంటు లేని చోట డాక్టర్‌ను పిలిచేదెలా? సైకిల్‌లా తొక్కితే పనిచేసే రేడియో తయారుచేశారు. ఇప్పుడక్కడ ఆ సేవకు ప్రభుత్వ నిధులు, ప్రజల విరాళాలు రెండూ ఉన్నాయి.

అమెరికాకు వెళ్లిన మనవాళ్లు మాత్రం వేరే పాఠం నేర్చుకున్నారు. అక్కడ హెలికాప్టర్ ఎక్కించింది ఎవరో స్పృహలో లేని రోగికి తెలియదు. ఆనక ఇంటికి వేల డాలర్ల బిల్లు వచ్చేది. బీమా ఉన్నా 'ఆ హెలికాప్టర్ కంపెనీ మా జాబితాలో లేదు' అనేవారు. ఆ గోల భరించలేక చట్టం చేశారు. 2022 జనవరి నుంచి బీమా ఉన్నవారికి అలాంటి అనూహ్య బిల్లులు వేయకూడదు. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు 'మెడికల్ ఎవాక్యుయేషన్' అన్న పంక్తి ఉందా, ఉంటే ఎంతవరకు అన్నది చూసుకోవడం మంచిది. ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీల్లోనూ కొన్నింట్లో ఎయిర్ అంబులెన్సు ఖర్చు కలిసి ఉంటుంది. దానికో పరిమితి ఉంటుంది. డాక్టర్ రాతపూర్వకంగా అవసరమని చెప్పాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగొచ్చే ప్రయాణానికి సాధారణంగా వర్తించదు.

మన దేశంలో...

ప్రభుత్వ ఖర్చుతో ఎగిరే అంబులెన్సు మన దేశంలో లేదనుకుంటే పొరపాటు. మధ్యప్రదేశ్‌లో 2024లో పీఎంశ్రీ ఎయిర్ అంబులెన్సు ప్రారంభించారు. ఒక విమానం, ఒక హెలికాప్టర్. ఆయుష్మాన్ కార్డున్న పేదలకు ఉచితం. జిల్లా వైద్యాధికారి సిఫార్సు చేస్తే కలెక్టర్ స్థాయిలో అనుమతిస్తారు. డబ్బున్నవారు కట్టి వాడుకోవచ్చు. పేదవాడి బిల్లు పథకానిది. కాగితం మీద చూస్తే ఇది 108 దారే. రెండే రెండు యంత్రాలతో అంత పెద్ద రాష్ట్రంలో ఎందరికి అందుతుందన్నది వేరే సంగతి.

ఉత్తరాఖండ్‌లో రుషికేశ్ ఎయిమ్స్ నుంచి కొండ పల్లెలకు హెలికాప్టర్ అంబులెన్సు 2024 అక్టోబరులో మొదలైంది. 2025 మే 17న అది కేదార్‌నాథ్‌లో దిగుతూ తోక విరిగి కూలింది. అదృష్టం, లోపలున్నవాళ్లు బతికి బయటపడ్డారు.

హెలికాప్టర్‌కు కొండా వానా పడవన్న మాట వేంపల్లెకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ వానలో, దట్టమైన మబ్బుల్లో నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. రాష్ట్రమంతా ఆ రాత్రి నిద్రపోలేదు. పల్లెపల్లెకూ 108ని పంపిన నాయకుడు ఇప్పుడు వేంపల్లె పొరుగునే ఇడుపులపాయలో నిద్రిస్తున్నారు. అద్దంలాంటి ఆకాశం, దిగడానికి చదునైన చోటు, పైన కరెంటు తీగల్లేకపోవడం, పగటి వెలుగు... ఇన్ని కుదిరితేనే హెలికాప్టర్. వానాకాలం రాత్రి నందిమండలం దారిలో ప్రమాదం జరిగితే వచ్చేది 108 బండే.

అయినా గాలిదారి తప్ప వేరే దారి లేని సందర్భాలున్నాయి. 2023 సెప్టెంబరులో గుంటూరులో బ్రెయిన్ డెడ్ అయిన ఓ యువకుడి గుండెను అమర్చాల్సిన రోగి తిరుపతి పద్మావతి హృదయాలయంలో ఉన్నాడు. శరీరం నుంచి తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో మళ్లీ కొట్టుకునేలా చేయాలి. రోడ్డు మీద గుంటూరు నుంచి తిరుపతికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ప్రభుత్వం హెలికాప్టర్ ఏర్పాటుచేసింది. కొడుకును పోగొట్టుకున్న ఆ కుటుంబం ఒప్పుకున్న దానం దారిలో వృథా కాలేదు. ఊళ్లోనే అయితే రైలూ చాలు. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు గుండె మెట్రోలో వెళ్లింది!

మందే ఎదురొస్తే...

ఒక్కోసారి రోగిని మోసుకెళ్లడం కన్నా మందును ముందుకు తీసుకురావడం చౌక. గుండెపోటులో రక్తనాళాన్ని మూసేసిన గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఖరీదు నలభై వేల రూపాయలకు పైమాటే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో మొదలైన స్టెమీ కార్యక్రమంలో దీన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్ద ఆసుపత్రిలోని గుండె డాక్టర్‌కు పంపిస్తే, ఆయన చూసి సరేననగానే ఇంజెక్షన్. ఆ తర్వాత తీరిగ్గా రోడ్డు మీద తీసుకెళ్లినా ఫర్వాలేదు. ఓ విమాన ప్రయాణం ఖర్చుతో ఎన్ని ఇంజెక్షన్లు వస్తాయో లెక్కేసుకోవచ్చు.

రోడ్డు ప్రమాదాలకూ కొత్త ఏర్పాటొకటి వచ్చింది. తొలి గంటను చట్టంలోనే 'గోల్డెన్ అవర్'గా రాశారు. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు అడగకుండా వైద్యం చేయాలి. గోల్డెన్ అవర్ అన్న మాటకు ప్రాచుర్యం తెచ్చిన అమెరికా సర్జన్ ఆడమ్స్ కౌలీయే, 1970లో మేరీల్యాండ్ పోలీసు హెలికాప్టర్లలో క్షతగాత్రుల్ని తెప్పించిన మనిషి కూడా. అంటే హెలికాప్టర్ ఆ గంట కోసమే పుట్టింది. ఆ గంటలో ఏం చేయాలో తెలిసిన ఆసుపత్రి ముందు ఉండాలి గనుక ఆయన మొదట కట్టింది ట్రామా సెంటర్. తర్వాతే హెలికాప్టర్.

ఎయిర్ అంబులెన్సు తప్పనిసరి కానివారికి మధ్యేమార్గమూ ఉంది. కొన్ని విమాన సంస్థలు పెద్ద విమానాల్లో వరసగా ఆరు నుంచి తొమ్మిది సీట్లు మడిచి స్ట్రెచర్ వేసే వీలిస్తాయి. డాక్టర్ నింపిన ఫారం ముందుగా ఇవ్వాలి, ఒకట్రెండు రోజుల వ్యవధి కావాలి, తోడు వైద్య సిబ్బంది ఉండాలి. నిలకడగా ఉన్న రోగికి ఇది ప్రత్యేక విమానం ఖర్చులో చాలా తక్కువకే తెములుతుంది. కడపకు వచ్చే చిన్న విమానాల్లో దీన్ని ఆశించలేం. హైదరాబాద్ లేదా బెంగళూరు దాకా రోడ్డు మీద వెళ్లాల్సిందే.

ఆ రోడ్డు మీదికైనా, కడప విమానాశ్రయంలో రెక్కలు చాచి నిలబడ్డ ఐసీయూ దగ్గరికైనా వేంపల్లె నుంచి రోగి మొదట ఎక్కేది ఒక్కటే బండి. రాత్రి పన్నెండుకు ఫోను మోగుతుంది. నేల మీది పైలట్ తాళం చెవి తీసుకుంటాడు. ఈఎంటీ ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూసుకుంటుంది. డీజిలుకు డబ్బు ఎవరిచ్చారని ఆ నిమిషంలో ఎవరూ అడగరు.